మీకు తోచింది ఇయ్యుండ్రి

పాల్వంచలో పొద్దున్నే బస్సెక్కి, బూర్గంపాడు దాటి, అడవి మలుపు దగ్గర దిగేసరికి నా నడుము నాతో మాట్లాడటం మానేసేది. అక్కడి నుంచి ఊరికి మట్టిబాట. ఒక మిట్ట, ఒక పల్లం, ఒక వాగు, మళ్ళీ మిట్ట. చంకలో చుట్టచుట్టిన చార్టులు, భుజానికి సంచి, చేతిలో గొడుగు. ఎండాకాలం ఆ గొడుగు ఎండకు, చలికాలం కుక్కలకు. వానకు మాత్రం అదెప్పుడూ పనికిరాలేదు.

నా పని పేరు ‘గ్రామీణ మహిళలకు వ్యవసాయ ఆధారిత చిన్న వ్యాపారాల్లో శిక్షణ’. ఎనిమిదో తరగతి మధ్యలో బడి మానేసిన నాకు ఆ పేరు ఒక ఊపిరిలో చెప్పడం రావడానికే చాలా రోజులు పట్టింది. మా అమ్మకు అది ఎన్నిసార్లు వల్లె వేయించినా, పక్కింటివాళ్లు అడిగితే “నా బిడ్డ అడవిల ఆడోళ్లకు ఏందో చెప్తది” అనే అనేది. ఇన్నేళ్ల తర్వాత చూస్తే అమ్మ మాటే నిజానికి దగ్గరగా ఉంది.

ఈ ఉద్యోగం నాకు చదువును బట్టి రాలేదు, నోటిని బట్టి వచ్చింది. మా చర్చిలో ప్రతి క్రిస్మస్‌కూ నాటకం వేసేవాళ్లు. ప్రతి ఏడూ నాకు గాడిద వేషమే. మాటల్లేని వేషం. నడిచి రావాలి, తల ఊపాలి, పోవాలి. విసుగెత్తి ఒక ఏడు నేను గాడిదకు మాటలు పెట్టాను. సత్రంలో చోటు లేదన్నవాడిని గాడిద నాలుగు దులిపింది. పాస్టరమ్మ కళ్ళెర్రజేసింది గానీ జనం పడీపడీ నవ్వారు. ఆ జనంలో ఖమ్మం ఖానాపురం హవేలి నుంచి చుట్టపుచూపుగా వచ్చిన ఒక సారు ఉన్నాడు. ఆయన ఒక సంస్థలో శిక్షణలు చూసేవాడు. “చదువుకున్న అమ్మాయిలను పెడితే ఊళ్లో ఆడవాళ్లు నిద్రపోతున్నారు. నువ్వైతే కనీసం మెలకువగా ఉంచుతావు” అన్నాడు. గాడిద వేషం నుంచి నేరుగా ఉద్యోగంలోకి వచ్చినదాన్ని నేనొక్కదాన్నే అనుకున్నాను. మొదటి నెల తిరిగాక, వేషం ఏమీ మారలేదని అర్థమైంది.

నేను చెప్పేది రెండువేల దశకం మధ్యలో సంగతి. ఆ అడవి అంచు కోయ ఊళ్లో మేము ఆడవాళ్ల చేత మిరపనారు పోయిస్తున్నాం. గోదావరి ఒడ్డున కౌలుకు మిరప వేసే రైతులకు నారు కావాలి. దిగువన నారుమళ్లకు తెగుళ్లు వస్తున్నాయి. ఇక్కడ వాగు నీళ్లు, కొత్త మట్టి. సంస్థ విత్తనం ఇచ్చింది, నీడకు పచ్చ వల ఇచ్చింది. ఇంక కావలసింది చోటు. ఆ చోటు ఇచ్చింది ఆ ఊరి మహిళా సంఘంలో ఒక అక్క.

నాకంటే నాలుగైదేళ్లు పెద్దది. సన్నగా, ఎత్తుగా ఉండేది. నవ్వితే ముందు భుజాలు నవ్వేవి, తర్వాతే మొహం. ఆమె పెనిమిటి మణుగూరులో బొగ్గు లోడింగుకు పోయేవాడు, ఆదివారం ఇంటికొచ్చేవాడు, వచ్చినప్పుడు కూడా అన్న ఏమంటే అదే అనేవాడు. ఆ అన్న, అంటే అక్కకు బావ, ఇంటి భూమంతా తనే చూసేవాడు. వాగు ఒడ్డున ఉన్న చిన్న చెలక, ఆ మెట్టనేల ముక్క మాత్రం వీళ్ల వాటా. అక్క ఆ చెలకలో నారుమళ్లు కట్టింది.

మొదటి ఏడు నారు బ్రహ్మాండంగా వచ్చింది. కొనడానికి మధిర వైపు నుంచి వచ్చి గోదావరి ఒడ్డున కౌలు చేస్తున్న ఒక రైతు వచ్చాడు. తెల్లటి మనిషి, మెత్తటి మాట. ట్రాలీ దిగీ దిగగానే ఆడవాళ్లందరినీ చెల్లెమ్మా అన్నాడు. అక్కకూ, వాళ్ల అత్తకూ కాగితంలో చుట్టిన రవిక గుడ్డలు పెట్టాడు. నారు కట్టలు ఎక్కాయి. “ఎంతమ్మా?” అన్నాడు. అందరూ ఒకరి వెనక ఒకరు దాక్కున్నారు. చివరకు అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని “మీకు తోచింది ఇయ్యుండ్రి” అంది.

ఆయనకు తోచింది ఆయన ఇచ్చాడు. ఆయనకు పెద్దగా ఏమీ తోచలేదు.

ట్రాలీ పోయాక బావ గట్టు మీద నిలబడి, మరదలితో నేరుగా మాట్లాడడు కాబట్టి వాళ్లమ్మతో అన్నాడు. “అమ్మా, ఈ ఏడంటే ఐపోయింది. వచ్చే ఏడు గూడ గిట్లనే పంచిపెడితే, ఆ చెలకల నేను పత్తి పెడ్త. చెప్పు.”

చెలక పోతే ఏమవుతుందో అక్కకు తెలుసు. చలికాలం రాగానే మళ్ళీ మూటగట్టుకుని, గిన్నెలు నెత్తిన పెట్టుకుని, దిగువ ఊళ్లకు మిరపకోతకు పోవాలి. కోత అయ్యేదాకా ఎవరి చేలోనో తాటాకు కింద పడుకోవాలి. చేతులు మండి, నిద్రపట్టక, కళ్ళు నలుపుకుంటే కళ్ళు కూడా మండి. చిన్నప్పటి నుంచీ పోతూనే ఉంది. “ఇగ నా వల్ల గాదు సెల్లె. మిరపకాయ ఏరను పోను. నారు పోస్త, ఇంట్ల పండుకుంట” అని నాతో అంది. ఆమె కోరిక అంతే. దాన్ని మా సారు ‘జీవనోపాధి’ అని చార్టు మీద ఆకుపచ్చ రంగుతో రాసేవాడు.

అందుకని తర్వాతి ఎండాకాలమంతా మా శిక్షణ ఒక్కటే: ధర చెప్పడం.

నేను కండువా భుజాన వేసి, బొగ్గుతో మీసం గీసుకుని బేరగాడినయ్యేదాన్ని. అక్క వాళ్ల అత్త ముందు వరుసలో కాళ్లు చాపుకుని కూర్చునేది. ఆమెకు నేను నవ్వులామెను. నా పేరు ఆమె ఎప్పుడూ అడగలేదు.

“ఓ నవ్వులామే, మీసం ఒక దిక్కు దిగింది. సరిజేసుకొని మాట్లాడు.”

“దిగనీ అత్తా, నేను దిగువ రైతును గదా.” అప్పుడు అక్క వైపు తిరిగి, గొంతు మార్చి, “ఏమ్మా, నారెట్లిస్తవ్?”

అక్క భుజాలు నవ్వేవి. కొంగు నోట్లోకి పోయేది.

“చెప్పక్కా! బేరగాడు నిలబడ్డడు.”

“మీకు తోచింది ఇయ్యుండ్రి.”

“నాకేం తోచలే. నేను లుచ్చాగాన్ని. ఉత్తగనే తీస్కపోతున్న. చూడు, కట్టలన్ని ఎత్తుకున్న. ఆపు నన్ను!”

“పోనియ్యి, గంత దూరం నించి వచ్చినవ్. నీళ్లు తాగుతవా?”

ఇలా ఎన్నిసార్లు చేశామో. సంఘంలో ఒక్కొక్కరినీ నిలబెట్టాను. కొందరు మంచి ధర చెప్పేవాళ్లు, కానీ గోడతో చెప్పేవాళ్లు. కొందరు నా మీసం చూసి నవ్వి కూలబడేవాళ్లు. ఒకామె ధర చెప్పి, వెంటనే సిగ్గుపడి, సగానికి తనే తగ్గించింది, నేను నోరు తెరవకముందే. అంత మంచి బేరగాడు నాకు జీవితంలో దొరకలేదు.

సారు మోటారు సైకిల్ మీద వచ్చి, ఒక మూల కూర్చుని చూసి, నిట్టూర్చేవాడు. మంచివాడు. ఆ దుమ్ములో ఖమ్మం నుంచి రావడమే గొప్ప. “వీళ్లకు ఆత్మవిశ్వాసం తక్కువమ్మా. ఇంకో మాడ్యూల్ చేద్దాం” అనేవాడు. మాడ్యూల్ అంటే ఏమిటో నాకు అప్పటికి తెలిసింది. ఇంకో నెల అదే బస్సు ఎక్కడం.

ఇంటికొస్తే అమ్మ “ఏమన్న నేర్సుకున్నరా?” అని అడిగేది. “నేను నేర్సుకున్ననే, మీసం నీటుగ గీసుడు” అనేదాన్ని. అమ్మ నవ్వేది. నేను మంచం మీద వాలిపోయేదాన్ని. ఒక్కోసారి మీసం కడుక్కోకుండానే.

ఇక మొదటి వానలకు ముందు, ఎండ ఇంకా తగ్గని ఒక రోజు, నేను మామూలుగానే బస్సులో వస్తున్నాను. మలుపు దగ్గర బస్సు ఆగింది. నేను దిగాల్సిన చోటే కదా అని లేవబోతే ముందు ఒక బొగ్గు లారీ కూడా ఆగి ఉంది. లారీ ముందు రోడ్డుకు అడ్డంగా తాడు. తాడు అవతల చేతులు చేతులు పట్టుకుని ఆడవాళ్లు వరుసగా అడుగులు వేస్తూ పాడుతున్నారు. తలలో పూలు, చెవుల్లో ఆకులు.

భూమి పండుగ. ఆ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. విత్తనం భూమిలో పడకముందు చేసుకునే పండుగ అది. మగవాళ్లు విల్లులు పట్టుకుని అడవికి వేటకు పోతారు. వాళ్లు వచ్చేదాకా ఊరు ఆడవాళ్లది. వాళ్లు రోడ్డుకు తాడు కట్టి, వచ్చే పోయే బండ్లను ఆపి పండుగ ఖర్చుకు వసూలు చేస్తారు.

నేను బస్సు మెట్టు మీద నుంచి చూస్తున్నాను. లారీ డోరు పట్టుకుని వేలాడుతున్నది మా అక్క.

“ఇయ్యకుంటె బండి పోదు” అంటోంది. కొంగు నడుముకు చెక్కి ఉంది.

డ్రైవర్ మొత్తుకుంటున్నాడు. “పొద్దుట్నించి ఇది ఎన్నో తాడో నాకే తెల్వదు తల్లీ! ఊరూరికి ఇచ్చుకుంట వస్తున్న!”

“అన్ని ఊర్లకు ఇచ్చినోనివి, మా ఊరు కాడికొచ్చేసరికి నీ చెయ్యి నొస్తదా?”

“గిది తీస్కో, పో.”

“గిదేంది? గింత పెద్ద లారీకి గింతేనా? లారీని చిన్నది జేసుకొని రాపో, గప్పుడు తీస్కుంట.”

వెనక ఆడవాళ్లు గొల్లున నవ్వారు. డ్రైవర్ కూడా నవ్వాడు. నవ్వినవాడు ఇవ్వకుండా పోలేడు కదా. ఇచ్చాడు. తాడు దించారు. లారీ పోయింది. వెంటనే తాడు మళ్ళీ లేచింది, మా బస్సుకు.

నేను సంచి, చార్టులతో దిగాను. నన్ను చూసి సిగ్గుపడతారనుకున్నాను. అత్త తాడు కొస తెచ్చి నా నడుము చుట్టూ వేసి బిగించింది.

“అత్తా, నేను! శిక్షణామెను!”

“శిక్షణ గిక్షణ పండుగైనంక. తియ్ సంచి.”

నేను అక్క వైపు చూసి, ఊరికే ఏడిపిద్దామని, “సరే, నాకు తోచింది ఇస్త” అన్నాను.

అక్క చెయ్యి చాపి, నా కళ్లలోకి చూసి అంది. “నీకు తోచింది గాదు సెల్లె. మేం అడిగింది.”

అడిగింది ఇచ్చాను. బస్సు కిరాయికి మిగుల్చుకున్నది కూడా ఇచ్చాను. మీసం గీసుకుని ఎండాకాలమంతా నేర్పిందేమిటో, ఇక్కడ జరుగుతున్నదేమిటో నా బుర్రకు అందక, రోడ్డు పక్కన మద్దిచెట్టు నీడలో కూలబడ్డాను. నాకు కోపం కూడా రాలేదు. కోపం రావడానికి కొంచెం ఓపిక మిగలాలి.

కాసేపటికి బండ్లు తగ్గాయి. అక్క వచ్చి పక్కన కూర్చుని, ఆకు డొప్పలో జావ ఇచ్చింది.

“ఏందక్కా ఇది?” అన్నాను. “లారీవాన్ని గింత దులిపినవ్. మిరప రైతు ముందర నోరెందుకు లేవదు?”

ఆమె అర్థం కానట్టు చూసింది. “గీడ నేనెక్కడ అడుగుతున్న? పండుగ అడుగుతది.”

“అడిగేది నీ నోరే గదా!”

“నోరు నాదే. అడుగుడు నాది గాదు.”

అత్త తాడు చుట్టచుట్టుకుంటూ అంది. “మా కోసం మేం చెయ్యి చాపితే దాన్ని అడుక్కతినుడంటరు, నవ్వులామే. మీ దిక్కు ఏమంటరో నాకు తెల్వదు.”

మా దిక్కు దాన్ని వ్యాపారం అంటారు అని చెప్పాలనిపించింది. డొప్ప ఎత్తి తాగాను. జావ చల్లగా ఉంది.

సాయంత్రం వాలుతుండగా మగవాళ్లు వేట నుంచి వచ్చారు. బావ చేతులు ఊపుకుంటూ వచ్చాడు. ఉత్త చేతులతో వచ్చినవాళ్లకు ఆడవాళ్లు పేడనీళ్లు చల్లుతారు. అది కూడా పండుగే. “కుందేళ్లు పోయినయ్, ఫారెస్టోళ్లు మిగిలిన్రు. వాళ్లను కొట్టుకొని రమ్మంటరా?” అని ఆయన అరుస్తూనే ఉన్నాడు, నీళ్లు పడుతూనే ఉన్నాయి. అక్క మాత్రం చల్లలేదు, బావ కాబట్టి. పక్కామె చేతికి చెంబు నిండా ముంచి ఇచ్చింది.

నేను ఈ కథంతా సారుకు చెప్పాను. ఆయన మొహం వెలిగిపోయింది. “అద్భుతమమ్మా! నారుమడి దగ్గర కూడా తాడు కట్టిద్దాం. రైతు ట్రాలీ రాగానే తాడు. ‘తాడు పద్ధతి’ అని మాడ్యూల్ రాద్దాం!” మరుసటి సమావేశంలో ఆయనే స్వయంగా వచ్చి ఆ మాట చెప్పాడు. ఎప్పుడూ నవ్వే ఆడవాళ్లలో ఒక్కరూ నవ్వలేదు. అత్త లేచి నిలబడింది.

“సారూ, పండుగ తాడు పండుగ నాడే. మన కడుపు కోసం కడ్తె భూమికి కోపమొస్తది. గా మాట మల్ల అనకుండ్రి.”

సారు తల వంచుకుని “తప్పయిందమ్మా” అన్నాడు. తిరిగి వెళ్లేటప్పుడు మోటారు సైకిల్ స్టార్ట్ చేస్తూ నాతో అన్నాడు. “మనకు ఈ సీజన్ దాకే ప్రాజెక్టు. తర్వాత ఏమవుతుందో నాకే తెలియదు. ఈసారి రైతు వచ్చినప్పుడు నువ్వు నోరు తెరవొద్దు. వాళ్లే మాట్లాడాలి. మాట్లాడకపోతే అంతే.”

నన్ను నోరు తెరవొద్దనడం చేపను నీళ్లలో దిగొద్దనడమే. కానీ ఆయన మొహం చూసి సరేనన్నాను.

ప్యాకెట్ విత్తనాలు భూమి పండుగ చేసిన ఊరి పూజారి ముందు పెట్టి, ఆయన చేతి గింజలు వాటిలో కలిపేదాకా అక్క ప్యాకెట్ కత్తిరించలేదు. ఆ తర్వాత వానలు. వానల్లో నా పని ఎలా ఉండేదో రాయాలంటే ఈ కాగితం కూడా తడుస్తుంది. బాటంతా బురద. చెప్పు ఒక చోట ఆగేది, నేను ఒక చోట ఆగేదాన్ని. వాగు పొంగితే ఒడ్డున కూర్చుని, తగ్గేదాకా ఎదురు చూసి, తగ్గకపోతే వెనక్కి. నాదే ఇలా ఉంటే అక్క సంగతి చెప్పక్కర్లేదు. వాన లేని రోజు బిందెలతో నీళ్లు మోసేది, వాన ఎక్కువైన రోజు మళ్లలో నీళ్లు తోడిపోసేది. కోళ్లు, మేకలు, పక్కింటివాళ్ల పందిపిల్ల, అన్నిటికీ ఆ చెలకే కావాలి. ఒక మూల నారు కుళ్లింది. కుళ్లిన మొక్కలు ఒక్కొక్కటీ పీకి దూరంగా పారేసి వచ్చి, “పోతే పోయింది, మిగతాది ఉన్నది” అంది. ఆ మాట అంటున్నప్పుడు ఆమె కళ్ల కింద నలుపు చూశాను. నేను ఏదో జోకు వేశాను. ఏమిటో గుర్తులేదు. ఆమె భుజాలు కదలలేదు, అది గుర్తుంది.

బావ రోజూ గట్టు మీద నుంచి నారుమళ్లను చూసి పోయేవాడు. ఏమీ అనేవాడు కాదు. పత్తి విత్తనం అమ్మేవాళ్ల మనిషి ఊళ్లోకి వచ్చినప్పుడు, వచ్చే ఏడు ఎంత కావాలో చెప్తానని బావ అన్నాడని మాత్రం అత్త నా చెవిన వేసింది.

ఆ రైతు మళ్ళీ వచ్చాడు, ముసురు పట్టిన ఒక పొద్దున. అదే ట్రాలీ, అవే రవిక గుడ్డలు, రంగు మారింది. ఆడవాళ్లు అప్పటికే నారు పీకి, కట్టలు కట్టి, వేర్లకు తడి గోనె కప్పి ఉంచారు. గట్టు మీద బావ, పళ్ళ మధ్య వేపపుల్ల. నేను వల స్తంభానికి ఆనుకుని నిలబడ్డాను. పళ్ళ మధ్య నాలుక.

“ఏమ్మా చెల్లెమ్మా, బాగుండారా? పిల్లలు బాగుండారా? పెద్దమ్మగారూ, మోకాళ్ళ నొప్పులు ఎట్టా ఉన్నయ్యి?” అందరినీ పేరుపేరునా పలకరించాడు. నిజంగానే మంచిగా పలకరించాడు, అదే కష్టం. “ఈ ఏడు మాకూ ఏం బాగోలేదమ్మా. పైనుంచి వాన, కింద నుంచి కౌలు. సర్లే, అన్నకూ చెల్లెలికీ బేరాలేంటి? ఎక్కించండి, ఎక్కించండి.”

ఇద్దరు ముగ్గురు కట్టల వైపు వంగారు. అక్క వంగలేదు. రవిక గుడ్డ చేతిలో పట్టుకుని నిలబడి ఉంది. వాన సన్నగా మొదలైంది. పీకిన నారు ఎంతోసేపు ఆగదు, ఆ సంగతి ఆయనకూ తెలుసు, ఆమెకూ తెలుసు. నా నోట్లో మాటలు తోసుకుంటున్నాయి. చెప్పక్కా. చెప్పు.

“ఏంటి చెల్లెమ్మా, నిలబడ్డావ్?”

“అన్నా” అంది. కొంగు నోటి దాకా పోయింది. మధ్యలో ఆగి, దాంతో మొహం మీది వాన తుడుచుకుంది. “నేను నీకు చెల్లెనంటివి. అవ్. చెల్లెకు రైక తెచ్చినవ్, చాలు. నాకింకేం వద్దు.”

గట్టు మీద బావ వేపపుల్ల ఉమ్మేశాడు.

“గీ చెలకకు ఇయ్యి” అంది అక్క.

“చెలకకు ఏంటమ్మా?”

“గింజలు మోసింది ఇది. నేను గాదు. నేను నీకు చెల్లెనైత, మా అత్త నీకు పెద్దమ్మ అయితది. గీ భూమికి నువ్వేమైతవు? అన్నవు గావు, బావవు గావు. దానిది దానికి ఇయ్యాలె.” అని, ఊపిరి తీసుకుని, ధర చెప్పింది. గోడతో కాదు. ఆయన మొహం చూసి. లారీ డోరు పట్టుకున్ననాటి గొంతు కాదది, చాలా చిన్న గొంతు, మధ్యలో వణికింది కూడా. కానీ చెప్పాక సగానికి తగ్గించలేదు.

ఆయన నవ్వబోయి మానుకున్నాడు. నా వైపు తిరిగాడు.

“ఏమ్మా, నువ్వు నేర్పిచ్చావా ఇది?”

నేను తల ఊపాను. అవుననా, కాదనా, నాకే తెలియదు. గాడిదకు ఈసారి నిజంగానే మాటల్లేవు.

అత్త కట్టల ముందుకొచ్చి కూర్చుంది. “భూమి కాడ బేరమాడ్తవా నాయనా? నువ్వు గూడ దాన్నే నమ్ముకొని బతుకుతున్నవ్ గదా.”

ఆయన తల గోక్కున్నాడు, ఆకాశం చూశాడు, ట్రాలీ చూశాడు. చేలో కూలీలు ఎదురుచూస్తున్నారేమో. కొంత తగ్గించమన్నాడు. అక్క కొంచెం దిగింది, ఆయన కొంచెం ఎక్కాడు. ఆమె చెప్పినంత రాలేదు. పోయినేడు ఆయనకు తోచినదానికి ఇది చాలా ఎక్కువ. అయితే అన్ని కట్టలూ తీసుకోలేదు. “మిగతాయి రేపొచ్చి తీసుకుంటాలే” అన్నాడు. ఆ ‘రేపు’ ఎలాంటిదో అక్కడున్న అందరికీ తెలుసు. ట్రాలీ బురదలో జారుకుంటూ పోయింది.

తర్వాత నేనూ అక్కా వాగులో కాళ్లు కడుక్కున్నాం. అక్క రాయి మీద కూర్చుంది. చేతులు రెండూ మోకాళ్ళ మధ్య పెట్టుకుంది.

“సెల్లె, అడిగితె గిట్ల ఒళ్లంత నొస్తదా?”

“నాకు రోజూ నొస్తది” అన్నాను.

“మరి ఎట్ల చేస్తున్నవే?”

నేను చెప్పుల బురద రాయికి గీకాను. పండుగ చేసుకోవాల్సిన సమయమేమో. ఇద్దరిలో ఒక్కరికీ లేచే ఓపిక లేదు. ప్రాజెక్టు మూతపడితే నేనేం చేస్తానో ఆలోచించడానికి కూడా ఓపిక లేదు.

మేము మళ్లీ చెలకలోకి వచ్చేసరికి అత్త మిగిలిన కట్టల వేర్లు తడి ఆరకుండా ఏదో చుడుతోంది. చూస్తే నా చార్టులు. మందపాటి కాగితం కదా, బాగానే పనికొస్తోంది. “గివి ఇగ నీకెందుకు?” అంది నన్ను చూసి. నాకూ ఎందుకో తెలియలేదు.

బావ గట్టు దిగి వచ్చాడు. వాళ్లమ్మతో, మమ్మల్ని చూడకుండా, “మిగిలింది ఎండబెడ్తరా? నా చేని అంచుకు రెండు సాళ్లు పెట్టుకుంట” అన్నాడు.

“చెలకను అడుగు” అంది ముసలామె, తల ఎత్తకుండా.

అక్క గబుక్కున “ఊకో అత్తా” అంది. ఒక కట్ట ఎత్తి తెచ్చి గట్టు మీద పెట్టి, రెండడుగులు వెనక్కి వేసింది. ఆయన తీసుకున్నాడు. చార్టు మీద చేతులు జోడించి నవ్వుతున్న కొనుగోలుదారు బొమ్మ తలకిందులుగా ఆయన చంకలోంచి కనపడుతోంది. కొంచెం దూరం పోయి ఆగాడు.

“అమ్మా, వచ్చే ఏడు వంగనారు గూడ పొయ్యమను. మన ఊర్ల దానికి గిరాకీ ఉన్నది.”

అంతే. పత్తి మాట ఎత్తలేదు. వానలో నడిచి పోయాడు.

నేను అక్క వైపు చూశాను. నా నాలుక చివర మంచి జోకు ఒకటి ఉంది, బావ గురించి, పేడనీళ్ల గురించి. ఆమె వంగి, గాలికి ఊడిన వల మేకును రాయితో కొట్టి భూమిలోకి దించుతోంది. జోకు మింగేసి, వల రెండో కొస నేను పట్టుకున్నాను.